గంగులు ఇంటి గోడలో సెరమ్మ

అనగనగా, నా తల్లీ, నీ చేతి మీది చర్మంలోనే ఒక ఊరు. కంటికి ఆనని కణాల ఊరు. అక్కడ ఇళ్ళ గోడలు ఇటుకలతో కట్టరు, కొవ్వుతో కడతారు. ఆ కొవ్వుకి నోరుంది. నీకున్నంత పెద్ద నోరు కాదులే!

ఆ ఊళ్ళో గంగులు అని ఒక కణం. అతని గోడలో సెరమ్మ అనే కొవ్వు బొట్టు ఉండేది. అసలు పేరు సెరమైడ్, మనకెందుకంత పేరు, సెరమ్మ చాలు. మామూలుగా ఆమె "ఇక ఆగు" అంటుంది. తలలో పువ్వు పెడితే మాత్రం "ఎదుగు" అంటుంది. ఏది అంటే అది వినాల్సిందే, అది ఆ ఊరి కట్టుబాటు.

ఒకనాడు ఎండ దెబ్బకి గంగులుకి మతి చెడింది. అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోతూ పక్కిళ్ళని తోసేశాడు. ఇలాగే వదిలేస్తే ఊరే పోతుంది.

"ఆగు గంగులన్నా," అంది సెరమ్మ. ఆగితే అతను పోతాడు, గోడ కూలి తనూ పోతుంది. తెలిసే అంది, పిచ్చితల్లి.

గంగులు గడుసువాడు. చటుక్కున ఆమె తలలో పువ్వు పెట్టేశాడు. అప్పుడు పాపం సెరమ్మ నోట "ఎదుగు" అనే వచ్చింది! వాడు ఇంకా ఉబ్బాడు. ఆ తర్వాత అదే గోడలో ఉన్న ఆమె చెల్లెలు "ఆగు" అని అరిచింది. దానికీ పువ్వే పెట్టాడు.

పువ్వు వాడిపోయి రాలగానే సెరమ్మకి ఒళ్ళు మండింది. "ఒక్కొక్కళ్ళం అరిస్తే వీడు వినడు. అందరూ నా దగ్గరికి రండే!" అంది.

అప్పుడు గోడ నలుమూలల నుంచీ చెల్లెళ్ళు జరిగొచ్చారు. చేతులు పట్టుకుని, ఒక్కచోట చేరి, ఒక్క గొంతుతో "ఆగు!" అన్నారు. గంగులు పువ్వులు పెట్టాడు, పెట్టాడు, అతని పూలబుట్ట ఖాళీ అయిపోయింది.

ఆగాడు.

"భయమేస్తోందే సెరమ్మా," అన్నాడు.

"నేనూ వస్తున్నాగా అన్నా," అందామె.

గంగులు చిన్నగా ముడుచుకుపోయాడు. ఆ తర్వాత ఊరు ఊడ్చే కణం వచ్చి, గోడతో సహా మెల్లగా ఎత్తుకుపోయింది.

ఏడుపు మొహం పెట్టకే! ఆ ఊళ్ళో మంచి కొవ్వుని పారేస్తారా ఏంటి? ఖాళీ అయిన జాగాలో కొత్త ఇల్లు లేచింది. పాత కొవ్వే దాని గోడకి పనికొచ్చింది. ఆ గోడలోంచి మన సెరమ్మ తల బయట పెట్టింది. ఈసారి ఊరే ఆమెకి పువ్వు పెట్టింది. ఆమె ఆ పసికణాన్ని చూసి, గొంతెత్తి, "ఎదుగు నాన్నా, ఎదుగు!" అంది. ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది.

కథ కంచి బాట పట్టింది,
నిద్ర మన ఇంటి తలుపు తట్టింది.