బుట్టవ్వ ఒడిలో ఆకు

నల్లమల అంచున బండలు పరిచిన కాలిదారిలో అరగంట ఎక్కితే బుట్టలకోన వస్తుంది. ఇక్కడ వెలసిన తల్లి బుట్టవ్వ. చేతిలో శూలం లేదు, తలపై కిరీటం లేదు. చతికిలబడి కూర్చున్న ముసలమ్మ, ఒడిలో రాతి బుట్ట. గర్భగుడికి తలుపులు లేవు. అవ్వ తలెత్తి, మనం ఎక్కివచ్చిన దారినే చూస్తూ ఉంటుంది.

కొత్తగా వచ్చిన భక్తులు అదిరిపడేది విగ్రహాన్ని చూసి కాదు, మండపంలో పిల్లలు రాసే రాతలు చూసి. కిందటి ఏడు కర్నూలు నుంచి వచ్చిన ఒక ఇల్లాలు, అక్కడ కూర్చుని ఈ స్థలపురాణం రాసుకుంటున్న నా మీద విరుచుకుపడింది. "శుభమా అని గుడికి వస్తే పసిపిల్లల చేత ఇవేం రాతలు రాయిస్తున్నారయ్యా!" అని కేకలు వేసింది. ఆమెను అనడానికి లేదు. ఆమె పక్కనే ఎనిమిదేళ్ళ పిల్లవాడు తాటాకు ముక్క మీద బాల్ పెన్నుతో ఇలా రాస్తున్నాడు: "తాతా, నేను బతికే ఉన్నాను. నువ్వు కొనిచ్చిన సైకిలు రోజూ తొక్కుతున్నాను. బ్రేకు కీచుమంటుంది, అయినా బాగుంది."

తాత, అవ్వ ఏదైనా ఇస్తే, ఆ వస్తువు ఎలా ఉందో పిల్లలు తమ చేత్తో ఆకు మీద రాసి బుట్టవ్వ ఒడిలో పెట్టడం ఈ క్షేత్రంలో మొక్కు. మొదటి మాట మాత్రం అందరిదీ ఒకటే. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంతకన్నా కటువైన మొదటి వాక్యం ఎక్కడా చూడలేదు. అది ఎందుకు వచ్చిందో తెలుసుకున్నాక కోప్పడండి, నేను అడ్డు రాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దారి లేదు. వెదురు పొదల నడుమ గురవక్క అనే మేదర ముసలమ్మ ఒంటరిగా గుడిసె వేసుకుని బుట్టలు, చేటలు అల్లుకునేది. ఆమె కూతురి కాపురం కొండకు అవతల, ఒకటిన్నర రోజు నడక. ఆ కూతురికి ఒక్కతే బిడ్డ, పేరు ఓబులి. గురవక్క ప్రాణమంతా ఆ పిల్ల మీదే. ఏడాదికొకసారి కొత్త బుట్ట అల్లి, అందులో మనవరాలికి ఏదో ఒకటి పెట్టి, మేకలు తోలుకుని కొండ దాటే గొల్ల కాటమయ్య చేతికి ఇచ్చేది. అతడు తిరిగి వచ్చేటప్పుడు అదే బుట్టలో అటువైపు నుంచి గుప్పెడు జొన్నలో, పసుపు కొమ్మో, ఏమీ లేకుంటే పచ్చటి ఆకో వచ్చేది.

ఆ మేదర ఇళ్ళలో ఒక కట్టడి ఉండేది. కానుక వెళ్ళిన బుట్టను ఖాళీగా తిప్పి పంపరాదు. బుట్ట ఖాళీగా వచ్చిందంటే, ఆ కానుక ఎవరి కోసం వెళ్ళిందో ఆ మనిషి ఇక లేరని అర్థం. చావు కబురు నోటితో చెప్పలేక పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. అశుభం కదా అని పిల్లలకు మాత్రం చెప్పేవారు కారు. చెప్పకపోవడమే కొంప ముంచింది.

ఓబులికి తొమ్మిదో ఏడు వచ్చింది. వీధి బడి అయ్యవారు వాకిట్లో ఇసుక పోసి ఆ పిల్లకూ అక్షరాలు దిద్దించాడు. ఆ వంశంలో అంతవరకు అక్షరం ముక్క వచ్చినవారు లేరు. కబురు విన్న గురవక్క మురిసిపోయింది. కమ్మరికి రెండు చేటలు అల్లి ఇచ్చి, తాటాకు మీద రాసే ఇనుప గంటం చేయించింది. దానికి తానే వెదురు పిడి చెక్కి, బుట్టలో పెట్టి పంపింది.

కాటమయ్య ఆ బుట్ట ఇచ్చేసరికి ఇంట్లో ఓబులి తప్ప ఎవరూ లేరు. తల్లి చేటలు అమ్మడానికి సంతకు పోయింది, తండ్రి వెదురు కొట్టడానికి అడవికి పోయాడు. గంటం చూసిన పిల్లకు ఒళ్ళు తెలియలేదు. దొరికిన ఆకు మీదల్లా తన పేరు రాసుకుంటూ కూర్చుంది. కాటమయ్య మేకలు ఆగడం లేదు. "అమ్మీ, బుట్ట తీసుకుపోనా?" అని అడిగాడు. "తీసుకుపో చిన్నాయనా," అంది ఓబులి, తల కూడా ఎత్తకుండా.

రాయడానికే ఇచ్చిన గంటం చేతిలో ఉంది. చుట్టూ పది ఆకులు ఉన్నాయి. ఒక్క ఆకు, ఒక్కటంటే ఒక్కటి, ఆ బుట్టలో పడి ఉంటే!

కాటమయ్య గొల్లవాడు, మేదరుల కట్టడి అతడికి తెలియదు. తేలికగా ఉందని సంబరపడుతూ బుట్టను భుజానికి తగిలించుకుని వచ్చి గురవక్క చేతిలో పెట్టాడు. ఆమె బుట్టలోకి చూసింది. చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది.

"ఇట్లే ఇచ్చినారా నాయనా?" అని అడిగింది.

"ఇట్లే ఇచ్చినారవ్వా," అని కాటమయ్య మేకల వెనక పరుగెత్తాడు.

గురవక్క ఏడవలేదు. బుట్ట ఒడిలో పెట్టుకుని, అందులోకే చూస్తూ కూర్చున్నచోటనే ఉండిపోయింది. అన్నం లేదు, నీళ్ళు లేవు.

మూడో నాడు మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన కునుకు తీస్తున్న కాటమయ్యకు కలలో కొండదేవత కనబడింది. "ఒరే కాటమయ్యా! నువ్వు మోసింది ఖాళీ బుట్ట అనుకుంటివా? బతికున్న బిడ్డ చావు కబురు మోసినావు కదరా! పోయి ఆ బిడ్డను తీసుకురా, ముసలిది రాయి అయిపోతాంది!" అన్నది. కాటమయ్య లేచి, మేకలను అక్కడికక్కడే వదిలేసి కొండ దిగి పరుగెత్తాడు.

ఓబులి తల్లి సంగతి విని, "అయ్యో, బిడ్డకు కట్టడి చెప్పకుండా నా తల్లిని నేనే చంపుకుంటినే!" అని నోరు బాదుకుంది. ఓబులి ఒక చేత్తో గంటం, ఒక చేత్తో నాలుగు తాటాకులు పట్టుకుని అందరికన్నా ముందు కొండెక్కింది.

వచ్చి చూసేసరికి వారికి పై ప్రాణాలు పైనే పోయాయి. గురవక్క కాళ్ళు ముట్టుకుంటే రాయి, చేతులు ముట్టుకుంటే రాయి, ఒడిలో బుట్ట కూడా రాయే. "అవ్వా, నేనొచ్చినా! ఓబులినవ్వా!" అని పిల్ల గొంతు చించుకుని అరిచింది. చెవులు కూడా అప్పటికే రాయి. వంగిన తల ఎత్తబోతే కదలదు. ప్రాణం మిగిలింది కళ్ళలోనే. ఆ కళ్ళు బుట్ట అడుగును తప్ప మరొకటి చూడడం లేదు.

అప్పుడు ఓబులి నేల మీద కూర్చుని, ఆకు మీద గంటంతో రాసింది. ఆకు పసరు రుద్ది అక్షరాలు కనబడేలా చేసింది. "అవ్వా, నేను బతికే ఉండాను. నీ గంటం శానా బాగుంది. దాంతోనే రాస్తాండా." ఆ ఆకును బుట్టలో వేసింది.

మీకు అనుమానం వచ్చే ఉంటుంది. గురవక్కకు చదువు రాదు కదా! నిజమే, ఒక్క అక్షరం రాదు. అయితే ఏమి? వంకరటింకర గీతలు కళ్ళబడ్డాయి. తమ వంశంలో అలా గీయగలిగింది ఒక్కతే. ఆ ఒక్కతే చస్తే ఈ ఆకు ఎక్కడిది? గురవక్క కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలి బుట్టలో పడ్డాయి. రాతి మెడ చిన్నగా కదిలింది, మూసుకుపోయిన చెవులు తెరుచుకున్నాయి. అందరూ చూస్తుండగా తల పైకి లేచింది.

"నాకేడ చదువొస్తాది బిడ్డా? నువ్వే చదువు," అంది.

ఓబులి ఏడుస్తూ చదివింది. ఒకసారి కాదు, అవ్వ అడిగినన్నిసార్లు చదివింది. అవ్వ నవ్వింది. అంతవరకే. రాయి అయిన ఒళ్ళు మళ్ళీ ఒళ్ళు కాలేదు, పొద్దు వాలేసరికి ఆ నవ్వు కూడా రాయిలో నిలిచిపోయింది. బిడ్డ వచ్చింది గాని ఆలస్యంగా వచ్చింది. ఈ మాట రాయడం నాకూ ఇష్టం లేదు, కానీ స్థలపురాణంలో అబద్ధం రాయకూడదు.

ఆనాటి నుంచి కాటమయ్య వంశంవారే ఇక్కడ పూజారులు. పొద్దున్నే అవ్వ ముఖం చూడకముందే వారు బుట్టలోకి చూస్తారు. కొత్త ఆకు పడనిదే పాత ఆకు తీయరు. ఒక వానాకాలం వాగు పొంగి తొమ్మిది రోజులు భక్తులు రాలేదు. అప్పుడు పూజారి కూతురు రోజుకొక ఆకు రాసి పెట్టింది. తాత, అవ్వ బతికి ఉన్న పిల్లలు ఇక్కడ పెట్టిన మాటనే ఇంకొక ఆకు మీద రాసి ఇంటికి తీసుకువెళ్ళి, ఎదురుగా కూర్చుని తామే చదివి వినిపించాలి. పెద్దలకు చదువు వచ్చినా సరే, పిల్లలే చదవాలి.

ఇందువల్ల ఫలం ఏమిటని అడుగుతారు. ఉద్యోగం వస్తుందని, సంబంధం కుదురుతుందని నేను చెప్పను. ఆకు అందిన ఇంట్లో ఆ పూట ముసలివాళ్ళు రెండు ముద్దలు ఎక్కువ తింటారు. ఇది నేను కళ్ళారా చూశాను.

నాకు మా అవ్వ ఏడో ఏట గొంగళి ఇచ్చింది. కప్పుకున్నానే గాని బాగుందని ఏనాడూ అనలేదు. ఆమె పోయి అరవై ఏళ్ళు దాటింది. ఈ పుస్తకం రాయడానికి వచ్చిన మొదటి రోజే పిల్లల వరుసలో నిలబడ్డాను. పిల్లలు నన్ను చూసి కిసుక్కున నవ్వారు, నవ్వనీ. ఆకు వేసే ముందు పూజారి బుట్ట మీద చెయ్యి పెట్టి, ప్రతి ఒక్కరినీ అవ్వ మాటతోనే అడుగుతాడు. నన్నూ అడిగాడు.

"ఇట్లే ఇచ్చినారా నాయనా?"

ఈ డెబ్బై ఏళ్ళ ముసలివాడు పిల్లల్లాగే గట్టిగా అరిచాడు.

"లేదవ్వా, చూసుకో! బతికే ఉండాను!"