గురవమ్మ దవడ

"నెత్తురు ఆమెదే, గాయమూ ఆమెదే. మధ్యలో మనం చేసేదేముంది సార్?" అని అడిగింది నీలవేణి.

పళ్ళ ఆసుపత్రిలో శిష్యులు ఏమడిగినా రహమతుల్లాగారు అప్పటికప్పుడు బదులు చెప్పరు. "పేషెంటు రానీ" అంటారు.

గురవమ్మది సముద్రం ఒడ్డు పల్లె. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చీ కాల్చీ అంగిట్లో కాన్సరు తెచ్చుకుంది. కరెంటు, అంటే రేడియేషను, పెట్టించుకున్నాక పుండు మానింది గాని, దవడలో జీవం తగ్గింది. అలాంటి దవడలో పన్ను పీకితే గాయం ఒక పట్టాన మానదు. అందుకని పుచ్చిన పన్ను పీకాక ఆమె చేతి నుంచే నెత్తురు తీసి, మిషనులో గిర్రున తిప్పి, జున్నుముక్కలా పేరుకున్న, గాయాన్ని మాన్పే గడ్డను పన్ను గుంటలో పెట్టి కుట్టింది నీలవేణి.

తర్వాత ఆమే, గురవమ్మ కూతురైన పైడమ్మను పిలిచి జాగ్రత్తలు చెప్పింది. శుభ్రంగా ఉంచాలంది. కనిపెట్టుకుని ఉండాలంది. గుమ్మం దాకా వెళ్ళినదాన్ని వెనక్కి పిలిచి మళ్ళీ అదే చెప్పింది. నీలవేణి తీరే అంత. దూరాన హాస్టల్లో ఉన్న కొడుక్కి పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఫోను చేసి, తిన్నావా, దగ్గు తగ్గిందా, మఫ్లరు చుట్టుకున్నావా అని అడిగేది. ఈమధ్య వాడు ఫోను ఎత్తడం తగ్గించాడు.

నెల తిరిగాక తల్లీకూతుళ్ళు వచ్చారు. గురవమ్మ నోరు తెరవగానే వాసన కొట్టింది. కుట్లు ఊడిపోయాయి, గుంటలో గడ్డ లేదు. ఎముక బూడిదరంగుకు తిరిగి బయటపడి ఉంది.

"ఏం చేశావమ్మా?" అన్నారు గురువుగారు నెమ్మదిగా.

పైడమ్మ ముఖం విప్పారింది. "లోపమేటీ సెయ్నేదు బాబూ. ఇంటికెల్లిన కాణ్ణించి గంటగంటకీ నోరు తెరిపించి సూసినాను. దూదెట్టి లోపలంతా తుడిసినాను. నెత్తురు నలక కూడా ఉండనీనేదు. డాకటరమ్మ సుబ్బరంగా ఉంచమన్నాది గదా!"

గుంటలోది ముట్టుకోవద్దని మాత్రం నీలవేణి చెప్పలేదు. అన్ని జాగ్రత్తల్లో అదొక్కటే మరిచింది.

గురవమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "మానిపోద్దా బాబూ?" అంది పైడమ్మ.

"దవడ కొంత కోసి తీసెయ్యాలి తల్లీ. నీ తప్పేం లేదు. చెప్పినట్టే చేశావు."

వాళ్ళు వెళ్ళాక నీలవేణి కిటికీ దగ్గర నిలబడిపోయింది. అలవాటు కొద్దీ ఫోను తీసి కొడుకు నంబరు నొక్కబోయింది.

"కాసేపు వదిలెయ్యమ్మా," అన్నారు రహమతుల్లాగారు. "గడ్డ కట్టనీ."