అమ్మ సగం

ఒకప్పుడు కాకులంత పీనాసి పిట్టలు ఇంకెక్కడా లేవు. నాలుగు మెతుకులు దొరికితే చాలు, చడీచప్పుడు లేకుండా దేనికది మింగేసి, ముక్కు కొమ్మకు రాసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చునేవి.

ఒక్క తల్లికాకి మాత్రం అలా కాదు. ఏది దొరికినా గూటికి తెచ్చి రెండు చేసేది. "సగం నీకు, సగం నాకు" అనేది కూతురితో. ఆ కూతురి పేరు కాటుక. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంటే గానీ అది ముక్కు కదిపేది కాదు.

ఒక గాలివానలో, మేతకి వెళ్ళిన తల్లి మీద కొమ్మ విరిగిపడింది. పాపం, అక్కడికక్కడే ప్రాణం పోయింది.

పసిదానికి ఈ మాట ఎలా చెబుతాం అనుకున్నాయి చుట్టాలన్నీ. మీ అమ్మ ఊరెళ్ళింది, వచ్చేస్తుందిలే అని చెప్పాయి. పెద్దవాళ్ళ తెలివి అలాగే ఏడుస్తుంది మరి!

ఊరెళ్ళిన అమ్మ తిరిగి రావాలి కదా. కాటుక దొరికినదల్లా రెండు చేసి, అమ్మ సగం గూట్లో దాచింది. అమ్మ తినకుండా తనెలా తింటుంది? తన సగమూ ముట్టలేదు. అన్నం ఎండిపోయింది, చీమలు పట్టాయి. పిల్ల చిక్కి పుల్లలా అయింది.

అది చూసి పిన్నికాకి ఉండబట్టలేకపోయింది.

"మీ అమ్మ ఇక రాదే, కాటుకా. చచ్చిపోయింది. నీకు అబద్ధం చెప్పాం."

కాటుక గూట్లో దాచిన అన్నం వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి అమ్మ సగం ఎవరు తింటారు?"

పిన్ని పిల్లని రెక్క కిందికి తీసుకుని ఏడ్చింది. కాటుక కూడా ఏడ్చింది.

మర్నాడు ఎవరో గోడ మీద చద్దన్నం పెట్టారు. కాటుక వెళ్ళి వాలింది. కడుపు కాలిపోతోంది, అయినా ఒంటరిగా ముద్ద దిగదే! రాదని తెలిసినా, గొంతు చించుకుని అమ్మని పిలిచింది. "కా! కా!"

అమ్మ రాలేదు. పిన్ని వచ్చింది. ఆ కేక విని ఒక్కొక్కటే మిగతా కాకులూ వచ్చాయి. కాటుక అన్నాన్ని రెండు చేసి, అమ్మ సగం వాటి ముందుకు తోసింది. పిన్ని ఒక మెతుకు నోట్లో వేసుకున్నాక తనూ తింది. ఆకలి తీరింది గానీ దిగులు తీరలేదు.

అప్పటినుంచే కాకి మెతుకు చూడగానే అందరినీ కేకేస్తుంది. అందరూ వచ్చి వాలినా సరే, మెడ అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తుంది, గమనించారా? ఇంకా ఒకరు రాలేదు.