తవిటమ్మ చుట్టం

అనగనగా ఒక ఊరు. ఊరి పేరు అడక్కండి. మా అమ్మమ్మ నాకు చెప్పలేదు, నేను మీకు చెప్పలేను. ఆ ఊళ్లో తవిటమ్మ అని ఒక ముసలామె ఉండేది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే, తవుడికి అమ్మినట్టు అమ్మి ఆ పేరు పెట్టేవారట. అలా దక్కిన మనిషి. తన వాళ్లందరూ పోయినా తాను మిగిలింది. ఆమెకు ఒక పాక, పాక వెనక పెరడు, పెరట్లో ఒక ములగచెట్టు. అంతే.

ఊళ్లోవాళ్ల వడ్లు దంచితే ఆమెకు నూకలు ఇచ్చేవారు. పొద్దున్నే అందులోంచి పిడికెడు తీసి పెరట్లో చల్లేది. పిచ్చుకలు వచ్చేవి, గోరింకలు వచ్చేవి, ఆఖర్న కాకి వచ్చేది. కాకి ఒక్కటే ఆమె పక్కదాకా నడిచొచ్చి తల వంచి చూసేది.

"నాకెవులూ నేరు గదే. నువ్వే నా సుట్టానివి. తిను," అనేది తవిటమ్మ.

తిన్నది తిన్నట్టు ఊరుకుంటే మనకీ కథే లేదు. కడుపు నిండగానే ఆ కాకి కుడిపక్క ఇంటి గోడెక్కి కావు కావుమంది. కాకి అరిస్తే చుట్టాలొస్తారని మీకూ తెలుసు, ఆ ఊరి ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఆ ఇంటావిడ గబగబా ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోసింది. పొద్దుగూకింది. చుట్టాలు రాలేదు. మిగిలిన అన్నం గిన్నెలో పెట్టుకుని రుసరుసలాడుతూ తవిటమ్మ దగ్గరికి వచ్చింది. ఆ వైపు పెద్దామెను అప్పా అని పిలుస్తారు.

"నీ కాకి మోసం సేసిందప్పా. నువ్వే తిను."

మర్నాడు కాకి ఎడమపక్క గోడెక్కింది. ఆవిడా వండింది, ఆవిడా గిన్నె తెచ్చింది. "నీ కాకి మోసం సేసిందప్పా. నువ్వే తిను."

ఆ మర్నాడు ఎదురింటి సన్యాసమ్మ గోడెక్కింది. సన్యాసమ్మ నోరు వీధి చివరిదాకా వినిపిస్తుంది. "నీ కాకి మోసం సేసిందప్పా. నువ్వే తిను."

"దానికేటి తెలుస్తాదమ్మా," అని తవిటమ్మ కాకిని వెనకేసుకొచ్చి, గిన్నె అందుకునేది.

అలా ఏళ్లు గడిచాయి. ఆమె చేతులు రోకలి ఎత్తలేకపోయాయి. నూకలు తగ్గిపోయాయి. ఉన్న కాసినీ పిట్టలకే వేసేది. ఆ ముగ్గురు తెచ్చే గిన్నెలతోనే ఆమె ప్రాణం నిలిచి ఉందని ఆ ముగ్గురికీ తెలియదు. అడిగి తినడం ఆమెకు చేతకాదు. చుట్టాలకని వండింది పారబోయకూడదని తినేది, అంతే.

ఒక ఏడు పంట సరిగా రాలేదు. ముగ్గురూ కలిసి వచ్చారు. "అప్పా, ఇకమీద పిట్టలకి మేత ఎయ్యకు. ఆ కాకి వల్ల ఉత్తినే బియ్యం పోతన్నాయి."

"అలాగేనమ్మా," అంది.

మర్నాడు కాకి వచ్చి ఆమె కోసం చూసింది. తవిటమ్మ తలుపేసుకుని లోపల కూర్చుంది. రెండోనాడూ వచ్చి చూసింది. మూడోనాడు రాలేదు. కాకి లేదు, అరుపు లేదు, గిన్నె లేదు.

సన్యాసమ్మకు తిట్టడానికి ఎవరూ లేక తోచలేదు. ఒక పూట పాకలోకి తొంగిచూసింది. పొయ్యి చల్లారి ఉంది. తవిటమ్మ చాప మీద పడి ఉంది.

"ఎప్పుడు తిన్నావప్పా?"

"నువ్వు గిన్నె తెచ్చిన నాడు."

సన్యాసమ్మ పరుగున పోయి అన్నం తెచ్చింది. తవిటమ్మ మొహం తిప్పుకుంది.

"కాకి అరవనేదు గదమ్మా. మీ పిల్లల కూడు నానెలా తింతాను?"

సన్యాసమ్మ ఏడుస్తూ బయటికొచ్చి, తన గోడ మీద మెతుకులు పెట్టి "కాకా, కా" అని పిలిచింది. పక్కిళ్లవాళ్లు నవ్వారు. సంగతి తెలిసి నవ్వు మానేశారు. మేత మాన్పించిన ముగ్గురే మూడు గోడల దగ్గర నిలబడి గొంతు పోయేలా పిలిచారు. ఎంతసేపటికో కాకి వచ్చింది. తింది. కావు కావుమంది.

సన్యాసమ్మ కళ్లు తుడుచుకుని, గిన్నె పట్టుకుని, ఎప్పటిలా కోపం తెచ్చుకుని పాకలోకి వెళ్లింది. "నీ కాకి మళ్లీ మోసం సేసిందప్పా. నువ్వే తిను."

తవిటమ్మ లేచి తింది.

ఆమె బతికినన్నాళ్లూ ఆ మూడు గోడల మీదా మేత తప్పలేదు, కాకి అరుపూ తప్పలేదు. తరువాత ఒకనాడు తవిటమ్మ నిద్రలోనే కన్నుమూసింది. మర్నాడు కాకి అరిచింది. ముగ్గురూ అలవాటుకొద్దీ ఎక్కువ వండారు. సాయంత్రం గిన్నెలతో వచ్చి, మూసిన తలుపు ముందు ఒకరినొకరు చూసుకున్నారు. పెరట్లోకి వెళ్లి ములగచెట్టు కింద అన్నం పెట్టారు. పిచ్చుకలొచ్చాయి, గోరింకలొచ్చాయి, ఆఖర్న కాకి వచ్చింది.

ఇప్పటికీ ఆ వైపు కాకి అరిస్తే ఎసట్లో పిడికెడు బియ్యం ఎక్కువ పోస్తారు. చుట్టం వస్తే చుట్టానికి పెడతారు. రాకపోతే పొయ్యి వెలగని ఇంటికి పట్టుకెళతారు, నాలుగు మెతుకులు పెరట్లో పిట్టలకు వేస్తారు. చుట్టాలు వచ్చారా అని అడిగితే, రాలేదని ఎవరూ అనరు.

"తవిటమ్మ వచ్చింది. తిని వెళ్లింది," అంటారు.