కంపెనీ గుమ్మంలో ఆదెమ్మ గరగ

అనగనగా ఒక ఏరు. ఏటికో ఊరు. ఊరికో ఆదెమ్మ. ఎప్పటి సంగతని మాత్రం నన్నడక్కండి. నేల కింద నూనె ఉందని కనిపెట్టి, కంపెనీలు బోర్లు దింపుతున్న కొత్తల్లో అనుకోండి.

ఆదెమ్మ పీతలు పట్టేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఏరే ఆవిడకి పుట్టిల్లు, ఏరే అత్తిల్లు. పొద్దున్నే తట్ట పట్టుకుని మోకాల్లోతు బురదలోకి దిగేది. బొరియలో చెయ్యి పెట్టి, "రావే నా తల్లీ, కరవకే నా తల్లీ" అని పీతని బతిమాలేది. అది కరిచేదనుకోండి, పీత కదా మరి! ఆ తట్టెడు పీతలు సంతలో అమ్మితేనే ఆవిడ పొయ్యి వెలిగేది.

కంపెనీ వచ్చింది. పెద్ద గేటు పెట్టింది. గేటు వెనకనుంచి ఒక గొట్టం తెచ్చి ఏట్లోకి వదిలింది. గొట్టంలోంచి నల్లటి జిడ్డు. ముందు చేపలు తేలాయి. తర్వాత బాతులు చచ్చాయి. ఆ తర్వాత ఏట్లో ఈదిన పిల్లల ఒళ్లంతా పుళ్లు. ఆదెమ్మ పీతల్ని సంతలో ఎవరూ ముట్టుకోలేదు. ఒకటే కిరసనాయిలు కంపు!

ఒక పీతని తట్టలో వేసుకుని ఆదెమ్మ ఊరి ప్రెసిడెంటు గుమ్మమెక్కింది. "చూద్దాంలే ఆదెమ్మా" అన్నాడాయన. "చూసేదేముంది బాబూ, వాసన పీల్చండి" అంది. ఆయన ముక్కు మూసుకున్నాడు.

తాలూకా కచేరీకి వెళ్లింది. "చూద్దాంలే ముసలమ్మా" అన్నారు. "చూసేదేముంది బాబూ, వాసన పీల్చండి" అంది. వాళ్లూ ముక్కు మూసుకున్నారు.

కంపెనీ గేటు దగ్గరికి వెళ్లింది. ఆఫీసరు జీపు దిగలేదు. "నీళ్లకేం కాలేదు. శుభ్రంగా ఉన్నాయి. సరే, చూద్దాంలే" అన్నాడు. "చూసేదేముంది బాబూ..." అనేలోపే జీపు వెళ్లిపోయింది. దుమ్ము మాత్రం మిగిలింది ఆవిడకి.

ఇంతలో జాతర దగ్గరపడింది. "ఏరు చస్తుంటే జాతరేంటి? ఈ ఏడు వద్దు" అన్నారు పెద్దలు. ఎన్నడూ నలుగురిలో నోరెత్తని ఆదెమ్మ లేచి నిలబడింది.

"మూడు గుమ్మాల్లో ఏడ్చానయ్యా. ఏడుపు ఎవరికీ వినపళ్లేదు. జాతరని కంపెనీ గేటు దాకా తీసుకెళ్లి డప్పులు కొడదాం. డప్పైతే వినపడి చస్తది!"

"కంపెనీ గేటు ముందు పోలీసులుంటారే. గరగ ఎవరెత్తుతారు?" అన్నారు.

గరగంటే తెలుసుగా, అమ్మవారి పేరున సింగారించి నెత్తిన ఎత్తుకునే కుండ. మీసాలు మెలేసే మగాళ్లంతా నేల చూపులు చూశారు.

"నేనెత్తుతా" అంది ఆదెమ్మ.

అబ్బబ్బ, ఏం జాతరండీ అది! తాటాకు పీతలు కట్టుకుని ఆడోళ్లు, మొహాలకి మసి పూసుకుని చచ్చిన చేపల వేషాల్లో పిల్లలు. ఒకాయన ఖాళీ డ్రమ్ములో దూరి "నేనే కంపెనీ దొరని" అంటూ దొర్లుకుంటూ వచ్చాడు. ముందు డప్పులు, వెనక ఈలలు, నడుమ నెత్తిన గరగతో ఆదెమ్మ. లాఠీలతో నిలబడ్డ పోలీసులు గరగని చూసి బూట్లు విప్పేశారు. అమ్మవారినెవరు ఆపుతారు?

గరగ వెళ్లి కంపెనీ గేటు ముందు ఆగింది.

ఆ ఊరి ఆచారమేంటంటే, గరగ ఎవరి గుమ్మంలో ఆగితే ఆ ఇంటివాళ్లు ఏటి నీళ్లు తెచ్చి, గరగ ఎత్తినవాళ్ల కాళ్లు కడగాలి. ఆ నీళ్లే నాలుగు చుక్కలు తమ పిల్లల నెత్తిన చల్లుకోవాలి. అప్పుడే అమ్మవారు కదులుతుంది.

ఆఫీసరు భార్య వైదేహి పసిబిడ్డని చంకనేసుకుని డప్పుల మోతకి గేటు లోపలి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఏ పాపం తెలీని ఇల్లాలు. "నేను కడుగుతానండీ" అంది. ఎవరో ఏటి నీళ్ల బిందె అందించారు. ఆదెమ్మ కాళ్ల మీద నీళ్లు పోసింది. పుళ్లు పడ్డ కాళ్లు. మంటకి ఆదెమ్మ పెదవి కొరుక్కుంది, గరగ మాత్రం కదల్లేదు. వైదేహి ఆ తడి చెయ్యి బిడ్డ నెత్తి మీదికి తీసుకెళ్లింది.

ఆదెమ్మ 'వద్దు తల్లీ, పసిదానికొద్దు' అనబోయింది. అంతలో వెనకనుంచి ఆఫీసరు కేక.

"వైదేహీ, వద్దు! ఆ నీళ్లు బిడ్డకి తగలనివ్వకు!"

డప్పులు ఆగిపోయాయి.

ఆదెమ్మ నెమ్మదిగా అంది: "నేనూ అదే అనబోయాను బాబూ. మా పిల్లలు రోజూ వాటిల్లోనే మునుగుతున్నారు."

వైదేహి తన చెయ్యి చూసుకుంది. వేళ్ల సందుల్లో నల్లటి జిడ్డు. ఆదెమ్మ కాళ్లు చూసింది. బిడ్డతో సహా వెళ్లి ఊరి ఆడోళ్ల మధ్య నేల మీద కూర్చుంది. "గొట్టం మూసేదాకా ఇంట్లోకి రాను" అంది. ఆఫీసరు బతిమాలాడు, కసిరాడు, చివరికి తనే వెళ్లి గొట్టం మూయించాడు. గొట్టం ఆగాకే గరగ కదిలింది.

ఏరు ఒక్క రోజులో బాగుపడుతుందా? వానలు కడిగాయి, వరదలు కడిగాయి. ఆదెమ్మ మాత్రం ఆ మరుసటేడే పోయింది. అయ్యో, మళ్లీ ఒక్క పీతనైనా పట్టకుండానే పోయింది! ఆవిడ పోయాక మొదటి పీత దొరికిన రోజున ఊరంతా గట్టు మీద చేరి ఏడ్చింది. దాన్ని ఎవరూ వండుకోలేదు. "వెళ్లవే ఆదెమ్మా" అని మళ్లీ ఏట్లో వదిలేశారు.

ఇప్పటికీ అంతే. ఏటా దొరికే తొలి పీత ఆదెమ్మదే. ఆ ఏడు పుట్టిన బిడ్డల నెత్తిన జాతర నాడు ఏటి నీళ్లు చల్లి, "ఆదెమ్మ చలవ" అంటారు. ఎవరైనా బూట్లేసుకుని ఊళ్లోకొచ్చి, "మా పని వల్ల మీ నీళ్లకేం కాదు" అంటే ఒక్కరూ వాదించరు. కుర్చీ వేస్తారు, మజ్జిగిస్తారు, మర్యాదగా ఒక్క మాటే అడుగుతారు.

"సంతోషం బాబూ. మరి మీ పిల్లల్నెప్పుడు తీసుకొస్తారు, స్నానానికి?"