ఉత్త గిన్నె

బసయ్యతాతను ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు రావడానికి ముందు చేతికి ఒక పని తగులుకునేది. మోక్షం ఎట్లా వస్తుందని అడిగిన ఒక పెద్దమనిషి చేత ఆయన మఠం వెనక నీళ్ళతొట్టి పాచి వదిలేదాకా రుద్దించాడు. అన్నదమ్ములతో పడటం లేదని మొరపెట్టుకున్నవాణ్ణి కొట్టంలో పేడ ఎత్తమన్నాడు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుందని కొందరు శిష్యులు నమ్మేవారు. నమ్మనివాళ్ళు మూటాముల్లె సర్దుకుని కొండ దిగిపోయేవారు. శ్రీపతి దిగిపోలేదు. పట్నంలో చదువుకుని, మంచి ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. మొండివాడు, మంచివాడు కూడా. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే పక్కవాళ్ళకు ఎంత మేలో అంత కీడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అంతకు ముందేడూ అంతే. వేసిన వేరుశనగ భూమిలోనే మాడిపోయింది. కొండకింద ఊళ్ళలో జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కూడా ఓపిక లేక గోడ నీడలకు చేరగిలబడ్డారు. అప్పుడు శ్రీపతికి ఒక ఆలోచన వచ్చింది. మఠం పంచలో అన్ని ఊళ్ళకూ కలిపి ఒక ఉమ్మడి అన్నశాల పెట్టాలి. ఎవరి దయాధర్మమో కాకుండా పదిమంది పొత్తు మీద అది నడవాలి. తాత వద్దనలేదు, కానిమ్మని కూడా అనలేదు.

ఇక అతను చెప్పులరిగేలా తిరిగాడు. ఎవరి దగ్గర ఏముందో అదే అడిగాడు. నూనె మిల్లు పర్వతయ్య నూనె పోస్తానన్నాడు. పిండిమర ఖాజాబీ జొన్నలూ రాగులూ ఊరికే ఆడించి ఇస్తానంది. సంతలో కూరగాయలవాళ్ళు అమ్ముడుపోని సరుకు బండికెత్తి పంపుతామన్నారు, పాలకేంద్రం వాళ్ళు మజ్జిగ. ఒకరు చేయి కలిపారని విని ఇంకొకరు కలిపారు. ఒకే గుండిగలో వండాలి, అందరూ ఒకే బంతిన కూర్చోవాలి అన్నది శ్రీపతి పెట్టిన షరతు. కరువు తరుముతున్నప్పుడు మనుషులు చాలావాటికి తల ఊపుతారు. దీనికీ ఊపారు. వారానికోసారి పొత్తుదార్లంతా మఠం అరుగు మీద కూర్చుని ఏం వండాలి, ఎవరు ఏం తేవాలి అని తేల్చుకునేవారు. ఆ అరుగును చూస్తే శ్రీపతికి కడుపు నిండినట్టుండేది.

నీళ్ళెండిన వంకకు అవతల రాళ్ళు కొట్టేవాళ్ళ పేట ఉంది. క్వారీ మూతపడి వాళ్ళకు పని పోయింది. ఆకలి అన్నిచోట్లా ఉన్నా, అక్కడ మాత్రం కాపురమే పెట్టింది. ముసలీ ముతకా ఎండలో కొండెక్కలేరని శ్రీపతి వాళ్ళకు సంగటి, పప్పు గిన్నెల్లో పెట్టించి ఇంటింటికీ పంపేవాడు. సాయంత్రానికి గిన్నెలు తళతళా తోమి తిరిగొచ్చేవి. అయితే ఉత్తగా వచ్చేవి కావు. ఒకదానిలో గుప్పెడు చింతచిగురు, ఒకదానిలో ఆకులో చుట్టిన ఉప్పు, ఇంకోదానిలో ఎక్కడ వెతికి కోసుకొచ్చారో నాలుగు బలుసాకు రెబ్బలు. మఠం వంటవాళ్ళు మాత్రం వాటిని వంటింట్లోకి రానివ్వలేదు. మాటాపలుకూ లేకుండా తీసుకెళ్ళి ఆవుల ముందు వేసేవారు. శ్రీపతి అది చూశాడు. ఇంత చిన్నదానికి వంటవాళ్ళతో గొడవెందుకులే అని ఊరుకున్నాడు.

కానీ ఆ చింతచిగురు చూసినప్పుడల్లా అతనికి ప్రాణం ఉసూరుమనేది. తినడానికి లేనివాళ్ళ చేత మనం పెట్టించుకోవడమా అని ఒకరోజు అరుగు మీద కంటతడి పెట్టాడు. పొత్తుదార్లంతా ఆహా అన్నారు. ఆ సాయంత్రమే పేటకు కబురు వెళ్ళింది. ఇకమీదట గిన్నెల్లో ఏమీ పెట్టొద్దు, కడిగి ఇస్తే అంతే చాలు అని. ఇంత దయగా ఎవరు చెబుతారు చెప్పండి. ఆ కబురు వెళ్ళినప్పటి నుంచి పేటలో ఒక్కో తలుపే మూసుకోసాగింది. తిన్నామని ఒకరు, ఒంట్లో బాగాలేదని ఒకరు, చుట్టాలు తెచ్చారని ఇంకొకరు చెప్పి పంపారు. చూస్తుండగానే గిన్నెలన్నీ నిండుగా వెనక్కి రావడం మొదలైంది.

శ్రీపతి తాత దగ్గరికి వెళ్ళాడు. ఆయన గోనెపట్టా చిరుగు కుట్టుకుంటున్నాడు. "తాతా, ఇన్ని ఊళ్ళు చేతులు కలిపాయి. ఎవరికోసం కలిపామో వాళ్ళు మాత్రం ముద్ద ముట్టడం లేదు. ఎందుకు?" అని అడిగాడు. ఆయన తలెత్తలేదు. ఓబులమ్మకు గిన్నె తీసుకుపో, ఆమె తినేదాకా కూర్చుని రా, అన్నాడు. ఓబులమ్మ పేటలో అందరికన్నా పెద్దది. మంచం పట్టిందని శ్రీపతి విన్నాడు. పని చెప్పారంటే జవాబు దగ్గర్లోనే ఉందనుకుని ఉత్సాహంగానే వంక దాటాడు.

గుడిసెలో పొయ్యిలో పిల్లి లేవలేదు. ఓబులమ్మ కుక్కిమంచంలో, చీర కింద మనిషి ఉందా లేదా అన్నట్టు పడుకుని ఉంది. కోడలు లింగమ్మ శ్రీపతిని చూసి గబగబా చాప పరిచింది, నీళ్ళిచ్చింది. ముసలమ్మ తాము తిన్నామని చెప్పింది. అది అబద్ధమని ఆమెకూ తెలుసు, శ్రీపతికీ తెలుసు, వాకిట్లో కోడికి కూడా తెలుసు. అతను ఎన్నో విధాల బతిమాలాడు. ఇందులో మొహమాటపడాల్సింది లేదన్నాడు. ఎవరికీ ఏమీ తిరిగి పెట్టక్కర్లేదన్నాడు. తిరిగి పెట్టక్కర్లేదన్న మాట దగ్గర ముసలమ్మ కళ్ళు తెరిచింది.

"ఉత్త గిన్నె ఎట్ల పంపేది సామీ? చావింటికి పంపిన గిన్నె ఒకటే ఉత్తది పోతాది. మా ఇంట్లో ఇంకా మనుషులం ఉండాము."

శ్రీపతికి ఇది తెలియని సంగతి కాదు. పొయ్యి వెలగని చావింటికి ఇరుగుపొరుగు అన్నం తెచ్చినప్పుడు తప్ప, వచ్చిన గిన్నెను ఎవరూ ఉత్తగా తిరగనివ్వరు. అతని తల్లి పక్కింటి గిన్నెలో చిటికెడు పంచదారైనా వేయకుండా గడప దాటించేది కాదు. తన ఇంట్లో మర్యాద అనిపించినది, ఈ పేట దగ్గరికి వచ్చేసరికి పాపం బీదవాళ్ళ మీద బరువనిపించింది, అంతే. అతనికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తప్పయిపోయిందవ్వా, నీకు తోచింది పెట్టు, నేనే తీసుకుపోతాను, అన్నాడు తడబడుతూ.

"పెట్టినాం గదా నాయనా. ఆవులకేసినారంట."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని శ్రీపతికి అనిపించింది. కోపానికైతే ఏదో ఒకటి బదులు చెప్పవచ్చు. అతను తల దించుకుని అక్కడే కూర్చున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది, సంగటి మీద పొర కట్టింది. చివరికి లింగమ్మే ఎంతో నెమ్మదిగా, సామీ, పొద్దున్నుంచీ ఏమీ తినకుండా కూర్చున్నారు, ఇంక పోయి తినండి, అంది. అతను నిండు గిన్నెతోనే కొండెక్కాడు.

ఆ సాయంత్రమే అతను పొత్తుదార్లను అరుగు మీదికి పిలిచాడు. పేటవాళ్ళను కూడా ఇకమీదట ఈ అరుగు మీద కూర్చోబెట్టుకోవాలని, వాళ్ళు పంపే ఆకూ అలమూ అందరి పప్పులోనే పడాలని చెప్పాడు. ఆహా అన్నవాళ్ళెవరూ ఇప్పుడు నోరు మెదపలేదు. పర్వతయ్య మంచివాడే, మృదువుగానే అన్నాడు: వాళ్ళకు పెట్టొద్దని మేమెప్పుడైనా అన్నామా స్వామీ, పెట్టడం వేరు, వాళ్ళ చేతిది తినడం వేరు, మా ఇళ్ళ ఆడవాళ్ళు కూడా ఇక్కడే తింటున్నారు గదా. మిగతావాళ్ళు నేలచూపులు చూశారు. ఖాజాబీ ఒక్కతే, నాకేం అభ్యంతరం లేదంది, అదీ గట్టిగా కాదు. శ్రీపతి బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్ళీ బతిమాలాడు. నూనె ఆగిపోతే, మజ్జిగ ఆగిపోతే మిగిలిన ఊళ్ళవాళ్ళు కూడా పస్తుంటారన్న భయంతో మెత్తబడ్డాడు. చీకటి పడేవేళకు ఒక మాట కుదిరింది. పేటవాళ్ళు పంపింది పారేయరు. దాన్ని వాళ్ళకోసం వేరే గుండిగలో వండుతారు. అరుగు సంగతి తర్వాత చూద్దాం. ఏమీ లేనిదానికన్నా ఇది నయం గదా అని శ్రీపతి సర్దిచెప్పుకున్నాడు. ఆకుకూర అన్నంలో కలుస్తుందని చెబితే అవ్వ తింటుంది, ముందు ఆమె బతకాలి, అనుకున్నాడు.

తెల్లారగానే ఆ కబురు మోసుకుని వంక దిగాడు. సగం దారిలోనే ఏడుపులు వినిపించాయి. తెలతెలవారుతుండగా నీళ్ళడిగిందట, లింగమ్మ నోట్లో పోసేలోపే మెడ వాల్చేసిందట. పేట ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు. అతన్ని చూసి జరిగి చోటిచ్చారు. చెప్పాలని తెచ్చిన మాట అతని నోట్లోనే ఉండిపోయింది. పాడె ఒక కొమ్ము మోస్తానంటే వద్దనలేదు. మోశాడు, మట్టి వేశాడు, ఎండిన వంకలో నీళ్ళ కోసం చేత్తో చెలమ తవ్వుకుని కాళ్ళు కడుక్కున్నాడు.

మధ్యాహ్నం తాత ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నిన్న సాయంత్రమే అందరినీ ఒప్పించాను, ఒక్క పూట ఆగి ఉంటే అవ్వ తిని ఉండేది, నేను ఒక్క పూట ఆలస్యమయ్యాను, అన్నాడు. ఏమని ఒప్పించావని తాత అడిగాడు. శ్రీపతి చెప్పాడు. పారేయరని, వేరే గుండిగలో వండుతారని చెబుతూ చెబుతూ చివరి మాట దగ్గర అతని గొంతు దానంతటదే తగ్గిపోయింది.

తాత వంకకు అవతలి వైపు చూశాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"పోనీ, అవ్వ ఆగిందే అనుకో. ఆ గుండిగలోది తినేదంటావా నాయనా?"