నీళ్లు నామవాచకం కాకపోతే

దస్తగిరి మాస్టారిని ఏదైనా సందేహం అడిగితే ముందు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు, ఆ తర్వాత ఇంకేదో సంగతి ఎత్తుకుంటారు. ఆదోనిలో ఆయన దగ్గర ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకున్న వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. ఓపిక పట్టాలంతే.

ఉరుకుందమ్మకు ఆ ఓపిక లేదు. చిన్న ప్రైవేటు బడిలో పదేళ్లుగా పాఠాలు చెబుతున్న ఆమెకు, సర్కారు టీచరు పరీక్ష రాయడానికి వయసు ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. అందుకని ఎనిమిది వందల ఇంగ్లీషు మాటలు నోటుపుస్తకంలో రాసుకుని, ఏది నామవాచకమో, ఏది క్రియో, ఏది విశేషణమో ఎక్కాల్లాగా బట్టీ పట్టింది. అయినా మాస్టారు పెట్టిన పరీక్షలో దెబ్బతింది. “దే వాటర్ ద ప్లాంట్స్” అన్న వాక్యంలో ‘వాటర్’ కింద ఆమె నామవాచకం అని రాస్తే, ఆయన కొట్టేసి క్రియ అని దిద్దారు.

“నీళ్లు నామవాచకం కాకపోతే ఇంకేంది సార్?” ఉరుకుందమ్మకు ఏడుపొక్కటే తక్కువ. “ఒకే మాట పూటకో వేషం కడితే నేనెట్ల గుర్తుపట్టేది?”

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. “ఆదివారం మా చిన్నమ్మాయి నికా. పొద్దున్నే వచ్చేయమ్మా” అన్నారు.

ఆదివారం ఆమె వెళ్లేసరికి షామియానా వెనకాల గోలగోలగా ఉంది. వంటమాస్టరు మౌలాలి బకెట్టు తట్టుకుని పడి కాలు బెణికించుకున్నాడు. కుర్చీలో కూర్చుని, వాచిన పాదం ఇటుకల మీద పెట్టుకుని, కనబడిన వాళ్లకల్లా పనులు పురమాయిస్తున్నాడు. మూడు వందల మందికి బిర్యానీ కావాలి. పెళ్లికొడుకు తరపువాళ్ల బస్సు ఊరి పొలిమేరలోకి వచ్చేసిందట. ఫొటోగ్రాఫర్ బసవరాజు కెమెరా పక్కన పెట్టి పొయ్యిలోకి కట్టెలు తోస్తున్నాడు. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన కళ్లనీళ్లు కారుతుంటే ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

“అక్కా, నువ్వు బియ్యం చూడు!” అని మౌలాలి కేక వేశాడు. “ముప్పావు ఉడకంగానే దించల్ల. రవ్వంత ఆలస్యమైతే ముద్దే!”

ఉరుకుందమ్మ నలుగురికి మించి ఎప్పుడూ వండి ఎరగదు. కాదని చెప్పడానికి అక్కడ వినేవాళ్లెవరూ లేరు. పైటచెంగు బొడ్లో దోపుకుని, బియ్యం ఉడుకుతున్న పెద్ద గుండిగ ముందు నిలబడింది. ఒక్కో మెతుకూ తీసి నలిపి చూసింది. ఎసరు పొంగింది, ఆవిరికి చేతులు చుర్రుమన్నాయి.

“ఇంగా ఉడకనీ అక్కా!” అన్నాడు మౌలాలి కుర్చీలోంచి.

మెతుకు వేళ్ల మధ్య నలిగింది, నడుమ పలుకు మాత్రం మిగిలింది. “కాదు, ఇప్పుడే! బసవరాజూ, దించు!” అని అరిచింది. అంత గట్టిగా ఆమె తన బళ్లో కూడా ఎప్పుడూ అరవలేదు. బసవరాజు, పోస్టుమాస్టరు చెరో పక్కా పట్టి గంజి వార్చారు. మాంసం మీద అన్నం పరిచి, మూతకు పిండి మెత్తి దమ్ము పెట్టారు. మౌలాలి గరిటెకు అంటుకున్న ఒక మెతుకు నోట్లో వేసుకుని, ఆమె వైపు చూసి తల ఊపాడు.

మధ్యాహ్నం మూత తీస్తే ఏ మెతుకుకు ఆ మెతుకు విడివిడిగా లేచింది. మూడో పంక్తి లేస్తుండగా పెళ్లికొడుకు మేనమామ పళ్లు కుట్టుకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చాడు.

“వంటామె నువ్వేనా తల్లీ? వచ్చే నెల మా ఇంట్లో ఫంక్షను ఉండాది, రావల్ల.”

“అయ్యో, నేను వంటామెను కానండీ, టీచర్ని!” అంది ఉరుకుందమ్మ. ఆయన ఆమె చేతిలోని జల్లిగరిటెనూ, మసిబారిన ముఖాన్నీ మార్చి మార్చి చూసి, నమ్మకం కుదరక వెళ్లిపోయాడు. బసవరాజు పడీపడీ నవ్వాడు. ఆమెకూ నవ్వు ఆగలేదు.

కొత్త షేర్వాణీలో ఉక్కిరిబిక్కిరవుతూ మాస్టారు అప్పుడే అటు వచ్చారు. “చూడండి సార్, పెళ్లికొడుకు మేనమామ నన్ను పట్టుకుని వంటామె అన్నాడు!” అని ఆమె ఫిర్యాదు చేసింది.

“ఆయన తప్పేమీ లేదమ్మా” అన్నారు మాస్టారు. “నువ్వు నిలబడిన చోటు చూసి అడిగినాడు. వాక్యంలో మాటనైనా అట్లే గుర్తుపట్టేది.”